ఇది రాసిపెట్టాల్సిన పని ఎవరిది?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో విశ్రాంత గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినిపిస్తోందా? సరే.

నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు అనగానే మామూలుగా పుస్తక పఠనం మీద మాట్లాడమంటారు. ఈసారి నేనే అడిగి వేరే విషయం తీసుకున్నాను. న్యూస్‌పేపర్ల బల్ల దాటితే గోడవారగా రెండు ఇనుప బీరువాలు కనిపిస్తాయి. వాటిని తెరవమని అడిగేవాళ్ళు చాలా తక్కువ. జనగణన సంపుటాలు, పాత గెజిట్లు, జిల్లా గణాంకాల పుస్తకాలు, బడ్జెట్ ప్రతులు, కమిషన్ల నివేదికలు అందులో ఉన్నాయి. నా సర్వీసులో ఎక్కువ కాలం అలాంటి బీరువాల దగ్గరే గడిచింది. వాటి తాళం మీ చేతికివ్వాలని వచ్చాను.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, కందుకూరు వైపు నుంచి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నాలుగు కాగితాలు. "అమ్మా, మా ఊళ్ళో చెరువు ఉండేది. నా చిన్నప్పుడు ఈత కొట్టాను. ఇప్పుడు అక్కడ ప్లాట్లు వేస్తున్నారు. చెరువు ఎప్పుడూ లేదు అంటున్నారు. ఉందని పుస్తకంలో ఎక్కడన్నా ఉంటుందా?" అని అడిగాడు.

నేను వెంటనే ఊరి పేరు అడిగి జనగణన సంపుటం తీశాను. ఆ పేరే లేదు. రెండోసారి, మూడోసారి చూశాను, లేదు. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు నాకు తట్టింది, ఆయన చెప్పింది తాను పుట్టిన పల్లె పేరు. ప్రభుత్వ లెక్కల్లో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. ఆ పల్లె ఇంకో ఊరికి శివారు. "మీ శిస్తు రసీదు మీద ఏ ఊరి పేరు ఉండేది పెద్దాయనా?" అని అడిగితే ఆ పేరు చెప్పాడు. 1981 సంపుటంలో ఆ ఊరు దొరికింది. ఊరి వరసలో సాగునీటి గడి ఉంటుంది. కాలువ కింద ఎంత, బావి కింద ఎంత, చెరువు కింద ఎంత అని కోడ్ అక్షరాలతో హెక్టార్లలో వేస్తారు. చెరువుకు గుర్తు 'టీకే'. ఆ గడిలో టీకే ఉంది, పక్కన అంకె ఉంది. నేను వేలు పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు ఆ అంకె మీదే చెయ్యి ఉంచాడు.

ఆ అంకె కోర్టులో హక్కు పత్రం అవుతుందా? కాదు. జనగణన పుస్తకం ఎవరి హక్కునూ తేల్చదు, చెరువు ఏ సర్వే నంబరులో ఉందో కూడా చెప్పదు. కానీ ఆ ఊళ్ళో చెరువు కింద సాగు ఉందని ప్రభుత్వమే లెక్క రాసుకుంది అని తేలింది. అక్కడి నుంచి దారి దొరికింది. తహసీల్దార్ ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ ఉంటుంది, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. మన పాత కరణాలు డైగ్లాట్ అనేవారు, ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉండేది కాబట్టి. ఏ సర్వే నంబరు చెరువు, ఏది వాగు, ఏది బాట, ఏది శ్మశానం అన్నది అందులో విస్తీర్ణంతో సహా ఉంటుంది. తెలంగాణ వైపు వాళ్ళకు సేత్వార్, 1954-55 నాటి కాస్రా పహాణీ అలాంటివి. ఆయన చేత సమాచార హక్కు అర్జీ రాయించాను. మండల స్థాయికి 5 రూపాయల ఫీజు. నకలు వచ్చింది. దాని మీద 'చెరువు' అని ఉంది. ఆ తర్వాత ఆయన తిరగాల్సిన ఆఫీసులు ఇంకా చాలా ఉన్నాయి, అది వేరే కథ. కానీ "ఎప్పుడూ లేదు" అన్న మాట ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నేను నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే ప్రశ్న నేర్పుతున్నాను. "ఈ సమాచారం ఎక్కడుంది?" అని మొదలుపెడితే బీరువాల ముందు నిలబడి దిక్కులు చూడాలి. "ఈ విషయాన్ని అప్పట్లో రాసిపెట్టాల్సిన పని ఎవరిది?" అని అడగండి. చెరువు కింద సాగైతే రెవెన్యూ వాళ్ళు శిస్తు కోసం రాస్తారు. పిల్లల సంఖ్య అయితే జనగణన వాళ్ళు రాస్తారు. వంతెనకు పెట్టిన ఖర్చు బడ్జెట్‌లో, తప్పుగా ఖర్చయితే కాగ్ నివేదికలో ఉంటుంది. మీ ఎమ్మెల్యే ఆ వంతెన గురించి శాసనసభలో అడిగితే ఆ ప్రశ్న, మంత్రి జవాబు చర్చల సంపుటంలో ఉంటాయి. ప్రభుత్వం ఊరికే ఏదీ రాయదు. ఏదో ఒక చట్టమో పన్నో అవసరమో వెనక ఉండి రాయిస్తుంది. ఆ అవసరం పట్టుకుంటే పుస్తకం దొరుకుతుంది.

రెండో ప్రశ్న: అప్పుడు మీ ఊరు ఏ జిల్లాలో ఉంది?

ఇక్కడే ఎక్కువమంది వెనక్కి తిరిగిపోతారు. కందుకూరునే తీసుకోండి. 1961 జనగణన నాటికి అది నెల్లూరు జిల్లా. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2011 జనగణన దాకా కందుకూరు ఆ జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మళ్ళీ నెల్లూరులో కలిసింది. ఒక మనిషి ఇల్లు కదలకుండానే జిల్లాలు మారిపోయాడు. పాత పుస్తకం మాత్రం పాత జిల్లా పేరుతోనే బీరువాలో ఉంటుంది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. అక్కడి పిల్లలు ములుగు జిల్లా పాత గణాంకాలు కావాలని వస్తారు. వరంగల్ సంపుటం తియ్యాలి తల్లీ అని చెప్పాల్సి వస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే ఖమ్మం కూడా 1953 దాకా వరంగల్లో భాగమే. అనంతపురం 1882 దాకా బళ్ళారిలో ఉంది. పశ్చిమ గోదావరి 1925లో పుట్టింది. మండలాలు వచ్చింది 1985లో, అంతకు ముందంతా తాలూకాలు, ఫిర్కాలు. ఒక కాగితం మీద మీ ఊరి పేరు రాసి, కింద ఏ ఏడాది ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రాష్ట్రం అని రాసుకోండి. ఆ కాగితం జేబులో ఉంటే సగం వెతుకులాట అయిపోయినట్టే.

ఇక అక్షరాల గొడవ. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో విజయవాడ ఉండదు, బెజవాడ ఉంటుంది. ఏలూరు 'ఎల్లోర్', కాకినాడ 'కొకనాడ', మచిలీపట్నం 'మసూలిపటం', కృష్ణా 'కిస్ట్నా'. నిజాం వైపు కరీంనగర్ కోసం 'ఎలగందల' అని, నిజామాబాద్ కోసం 'ఇందూరు' అని వెతకాలి. కంప్యూటర్లో వెతికేటప్పుడు ఇది మరీ ముఖ్యం. యంత్రం మీరు కొట్టిన అక్షరాలనే వెతుకుతుంది, మీ మనసులో ఉన్న ఊరిని వెతకదు.

1869లో విశాఖపట్నం, 1873లో నెల్లూరు, 1883లో కృష్ణా, ఇలా మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో జిల్లా మాన్యువల్స్ వచ్చాయి. 1900 తర్వాత గెజిటీర్లు, అంటే జిల్లా విశేషాల పుస్తకాలు, వచ్చాయి. వీటిలో చాలావాటి స్కాన్ ప్రతులు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, చదవండి. కానీ ఒక మాట. వాటిని రాయించింది శిస్తు వసూలు చేసే దొరలు. వర్షపాతం, కరువు, పంట ధరల దగ్గర వాళ్ళ లెక్క పనికొస్తుంది. కులాల గురించి, మనుషుల గుణాల గురించి వాళ్ళు రాసిన మాటల్ని నమ్మి మీ ప్రాజెక్టుల్లో దించెయ్యకండి. ఆ మాటలు మన తాతల గురించి, వాళ్ళను అడగకుండా రాసినవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి 1961 జనగణన సంపుటాలు. మనుషుల్ని లెక్కపెట్టి ఊరుకోలేదు అప్పటివాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌కి జిల్లాలవారీగా జాతరలు, తిరునాళ్ళ మీద ప్రత్యేకంగా పుస్తకాలు వేశారు. ఏ ఊళ్ళో ఏ అమ్మవారు, ఏ నెలలో కొలుపు, ఎన్ని రోజులు, చుట్టుపక్కల ఎవరెవరు వస్తారు, ఇవన్నీ ఊరూరా అడిగి రాశారు. కొన్ని గ్రామాల మీద విడిగా సర్వే పుస్తకాలు కూడా వచ్చాయి. మా ఊరి పోలేరమ్మ పేరు సర్కారు పుస్తకంలో చూసుకుని ఏడ్చినవాళ్ళను నేను చూశాను. జనగణన అంటే తలల లెక్క అనుకుంటే ఈ నిధి ఎప్పటికీ కనిపించదు.

కమిషన్ల నివేదికల దగ్గర ఇంకో చిక్కు. మనం నోటితో పిలిచే పేరు అట్ట మీద ఉండదు. బచావత్ తీర్పు కావాలని కేటలాగ్‌లో 'బచావత్' అని వెతికితే దొరక్కపోవచ్చు. అట్ట మీద ఉండేది కృష్ణా జల వివాదాల ట్రైబ్యునల్. 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీలు అన్న లెక్క, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు అన్న మాట, వీటి గురించి టీవీల్లో రోజూ వాదించుకుంటారు. అసలు పుట తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది? ఫజల్ అలీ నివేదిక అంటే 1955 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ నివేదిక. తెలంగాణ గురించి అందులో ఏముందో రెండు పక్షాలవాళ్ళూ తమకు కావాల్సిన వాక్యమే చెబుతారు. ఆ అధ్యాయం అంతా ఒక గంటలో చదవొచ్చు. 2010 డిసెంబరులో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ అసలు పేరు ఆంధ్రప్రదేశ్ పరిస్థితిపై సంప్రదింపుల కమిటీ. ప్రభుత్వ ప్రచురణకు రచయిత స్థానంలో మనిషి ఉండడు. శాఖో, కమిషనో, ట్రైబ్యునలో ఉంటుంది. కేటలాగ్‌లో ఆ పేరుతో అడగండి. తెలియకపోతే మా కౌంటరు దగ్గరికి వచ్చి నోటికి వచ్చిన పేరే చెప్పండి. అట్ట మీది పేరు పట్టుకోవడం మా పని.

జీవోల సంగతి. "610 జీవో ఇవ్వండి" అంటారు. ఏ శాఖది, ఏ తేదీది? ప్రతి శాఖకూ ప్రతి ఏడాదీ ఒకటో నంబరు నుంచి మళ్ళీ మొదలవుతుంది. అందరూ అనే 610 సాధారణ పరిపాలన శాఖది, 1985 డిసెంబరు 30 నాటిది. నంబరు, తేదీ, శాఖ మూడూ ఉంటేనే జీవో దొరుకుతుంది. ఎంఎస్ అని ఉంటే విధాన నిర్ణయాల లాంటి ముఖ్యమైనవి ఎక్కువగా ఆ వరసలో ఉంటాయి, ఆర్‌టీ అని ఉంటే రోజువారీ వ్యవహారం. ఒక చిట్కా చెబుతాను. జీవో పైభాగంలో "ఈ క్రింది వాటిని చదవండి" అని పాత జీవోలు, ఉత్తరాల నంబర్లు ఉంటాయి. చాలామంది అది దాటేసి కింద ఆర్డరు చదువుతారు. మీరు అక్కడే ఆగండి. ఒక్కో నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే ఆ నిర్ణయం ఎక్కడ పుట్టిందో, మధ్యలో ఎవరు ఏం మార్చారో అంతా తెలుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఇప్పుడు గెజిట్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఏమీ అనుకోకండి.

గెజిట్ అనగానే పేరు మార్చుకోవడం గుర్తొస్తుంది చాలామందికి. పాస్‌పోర్టు కోసమో, సర్టిఫికెట్ కోసమో ఒకసారి అవసరం పడుతుంది, మళ్ళీ మర్చిపోతాం. కానీ ప్రభుత్వం జనానికి "నేను మీకు చెప్పాను" అనే చోటు అదే. గెజిట్‌లో అచ్చయిందంటే అది అసలైనదేనని కోర్టు ముందుగా అనుకుంటుంది. మీరు చూడలేదు అంటే మీ తరఫున ఎవరూ జాలిపడరు.

2013 నాటి భూసేకరణ చట్టం చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో వెయ్యాలి. ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వెయ్యాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. పంచాయతీలో, తహసీల్దార్, కలెక్టర్ ఆఫీసుల్లో కూడా పెట్టాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి రైతుకు ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఆ కాగితం ఆ రైతు కంట పడాలి. పేపరు మర్నాడు పకోడీల పొట్లం అవుతుంది. నోటీసు బోర్డు మీది కాగితం గాలికి పోతుంది. గెజిట్ కాపీ మన శాఖా గ్రంథాలయంలో బల్ల మీద ఉంటే, పేపరు చదవడానికి వచ్చిన ఏ కుర్రాడైనా ఆ ఊరి పేరు చూసి పరుగెత్తి వెళ్ళి చెబుతాడు. గ్రంథాలయం ఊరికి చేసే మేలు ఇంతకంటే పెద్దది ఏముంటుందో నాకు తెలియదు.

కేంద్ర గెజిట్ 2015 నుంచి కాగితం మీద అచ్చు వెయ్యడం మానేసి ఆన్‌లైన్‌లోనే వేస్తున్నారు. సెల్‌ఫోన్‌లోనే చూడొచ్చు, మంచిదే. కానీ ఆన్‌లైన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోల వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు. 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలంలో ఒక జీవో కోసం రోడ్లు పట్టుకు తిరిగిన టీచర్లు, రిటైరైనవాళ్ళు నాకు ఎన్ని ఫోన్లు చేశారో లెక్కలేదు. మీటతో పెట్టింది మీటతో తీసెయ్యొచ్చు. మీకు పనికొచ్చే జీవో కనిపించిన రోజే దింపుకుని, ప్రింటు తీసి, మీద తేదీ వేసి దాచుకోండి.

కాగితం క్షేమంగా ఉంటుందా అంటే అదీ చెప్పలేను. నేను పనిచేసిన ఒక చోట, నేను సెలవులో ఉన్నప్పుడు, చోటు లేదని పాత గెజిట్ల కట్టలు పాత పేపర్లవాళ్ళకు తూకానికి వేసేశారు. నేను తిరిగి వచ్చేసరికి అరలు ఖాళీగా ఉన్నాయి. కొట్టుకు వెళ్ళి అడిగితే అప్పటికే లారీ ఎక్కాయన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కిలో ఇంత అని అమ్మిన ఆ కట్టల్లో ఎన్ని ఊళ్ళ నోటిఫికేషన్లు ఉన్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇక్కడ గ్రంథపాలకులు కూర్చుని ఉన్నారు, చేతులు జోడించి అడుగుతున్నాను. నవల పోతే ఇంకో కాపీ కొనొచ్చు. ఆ కట్టలు మళ్ళీ అచ్చుకావు.

అలా పోయినప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? 1954 నాటి పుస్తకాల డెలివరీ చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా ఒక్కో ప్రతి కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, మరి మూడు గ్రంథాలయాలకు పంపాలి. మద్రాసులోని కన్నెమెరా వాటిలో ఒకటి. ప్రభుత్వ ప్రచురణలకూ ఈ చట్టం వర్తిస్తుంది, కేవలం ఆఫీసు వాడకానికి వేసినవి తప్ప. మన కోస్తా, రాయలసీమ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి పాత ఫైళ్ళు ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నిజాం కాలపువి హైదరాబాదులో తార్నాకలోని ఆర్కైవ్స్‌లో. అక్కడికి వెళ్తే ఉర్దూ, ఫారసీ చదవగలిగినవాళ్ళు తోడుండాలి. అచ్చయిన పుస్తకం కావాలంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో పెట్టిన ఆసఫియా. పుస్తకానికి గ్రంథాలయం, ఫైలుకు ఆర్కైవ్స్, మీ సర్వే నంబరుకు తహసీల్దార్ ఆఫీసు. ఈ మూడూ కలగలిపేసుకుని చాలామంది బస్సు చార్జీలు దండగ చేసుకుంటారు.

సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. ఎవరూ అడగకముందే ప్రతి ఆఫీసూ 17 రకాల వివరాలు బయటపెట్టాలని అది చెబుతుంది. అందులో పదిహేనోది చదివినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది. పౌరులు సమాచారం పొందడానికి ఉన్న సౌకర్యాలు, ప్రజల కోసం గ్రంథాలయమో రీడింగ్ రూమో ఉంటే అది పనిచేసే వేళలు తెలపాలి అంటుంది. 2005 చట్టం రాసినవాళ్ళకు గ్రంథాలయం గుర్తుంది. మీరు అర్జీ పెట్టే ముందు ఆ ఆఫీసు 17 అంశాల పుస్తకం అడిగి చూడండి. సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉండొచ్చు, 30 రోజులు ఎదురుచూసే పని తప్పుతుంది.

గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ఒక్క మాట. మీరు కోచింగ్ మెటీరియల్‌లో చదివే అంకెలు ఎవరో ఎక్కడి నుంచో ఎత్తి రాసినవి. సామాజిక, ఆర్థిక సర్వే అసలు పుస్తకం బీరువాలో ఉంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఏ ఏడాది లెక్క, ఏ ఊళ్ళు కలవలేదు అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ గెజిట్ అచ్చు వెయ్యడానికి డబ్బు మీదే, దాన్ని దాచే బీరువాకు డబ్బు మీదే. బీరువా తెరవండి అని అడగడానికి మొహమాటం దేనికి?

ప్రశ్నలుంటే అడగండి. ఆ... చెప్పమ్మా.

(ఒక శ్రోత: మేడమ్, మా ఊరు 2011 పుస్తకంలో ఉంది కానీ జనాభా సున్నా అని ఉంది. మేం తరతరాలుగా అక్కడే ఉంటున్నాం. తప్పు పడిందా?)

తప్పు కాకపోవచ్చమ్మా. కొన్ని రెవెన్యూ గ్రామాలకు భూమి ఉంటుంది, ఇళ్ళు ఉండవు. పాత లెక్కల్లో వాటిని బేచిరాగ్ గ్రామాలు అంటారు, దీపం వెలగని ఊరు అని. మీ ఇళ్ళు సరిహద్దు దాటి పక్క రెవెన్యూ గ్రామం నేల మీద ఉండి ఉంటాయి, మీ పొలాలు మాత్రం ఈ ఊరి పేరు మీద. పక్క ఊళ్ళ వరసలు చూద్దాం. ఆ తర్వాత 1961 సంపుటం తీసి అప్పుడెలా రాశారో చూద్దాం. అప్పట్లో మీ తాలూకా ఏది?

(శ్రోత: తెలీదు మేడమ్. మా నాయనమ్మను అడగాలి.)

ఫోన్ చేసి అడుగు తల్లీ. ఈలోగా నేను బీరువా తీయిస్తాను.